కర్పూరం వాసన వేసిన కత్తి

పోయిన నెల ఇంగ్లండు చలిలో ఇడ్లీ పిండి పులియబెట్టడం గురించి రాస్తే, మీ కెమిస్ట్రీ డిగ్రీ వంటింట్లో బాగానే పనికొస్తోందే అన్నారు కొందరు. సంతోషం. ఈ నెల మాత్రం ఆ డిగ్రీ ఉండి కూడా నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. అది మా ఆయన తాతగారి గడ్డం కత్తి విషయంలో జరిగింది. గడ్డం కత్తులతో మనకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. పాత వస్తువుల్ని భద్రంగా డబ్బాలో పెట్టి మూత బిగించే అలవాటు మనందరికీ ఉంది కదా. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మేము ఉండేది షెఫీల్డ్‌లో. ఐదేళ్ళ కిందట మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు, తెనాలిలో మా మావయ్యగారు బీరువా అడుగునుంచి ఒక గుడ్డ మూట తీశారు. అందులో ఒక మడత కత్తి. మన ఊళ్ళల్లో మంగలికత్తి అంటామే, అదే. మావయ్యగారి నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చే మంగలి చేతే గడ్డం గీయించుకున్న మనిషి, బెజవాడ వెళ్ళాక డ్యూటీ వేళలు కుదరక, ఈ కత్తి కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నారట. నల్లటి కొమ్ము పిడి. బ్లేడు మొదట్లో సగం అరిగిపోయిన అక్షరాలు. వాటిలో చదవడానికి వీలైంది ఒక్క మాటే, షెఫీల్డ్.

"అమ్మాయ్, దీని పుట్టిల్లు అదేనంట. జాగ్రత్తగా తీసుకెళ్ళు," అన్నారు మావయ్యగారు. "రేపు మీకు పిల్లలు పుడితే, పుట్టువెంట్రుకలప్పుడు మళ్ళీ పట్టుకురండి. మా నాన్న కత్తి తాకించి మొదలుపెడదాం."

మా బాబుకి ఇప్పుడు మూడో ఏడు. శ్రావణంలో ముహూర్తం పెట్టారు. అంటే ఆ కత్తితో నాకు పని పడే రోజు దగ్గరకొచ్చింది.

షెఫీల్డ్ వచ్చాక ఆ కత్తి మీద మా ఆయనకి మోజు పెరిగింది. పెరగదా మరి. కత్తులు చేసేవాళ్ళ సంఘం 1624 నుంచీ ఉన్న ఊరు ఇది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మట్టి మూసల్లో ఉక్కు కరిగించి పోతపోయడం మొదలుపెట్టింది ఇక్కడే. మూసల్లో ఉక్కు అంటే మనకీ కొత్త కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో అంతకు ఎంతో ముందునుంచే చేసేవారు. మన దేశం నుంచి వెళ్ళిన ఆ రకం ఉక్కు ముద్దల మీద 1820 ప్రాంతాల్లో లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్, మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశారు. స్టోడార్ట్ కత్తులు చేసే మనిషి. ఫారడే మనం ఇంటర్‌లో చదువుకున్న ఫారడేనే. ఇవన్నీ చెప్పుకుంటూ మా ఆయన నన్ను కెల్హమ్ ఐలాండ్ మ్యూజియానికి రెండుసార్లు తిప్పారు. అక్కడ అద్దాల వెనకాల వరసలు వరసలుగా షెఫీల్డ్ కత్తులూ పనిముట్లూ చూసి, మనింట్లో కూడా ఒకటి కాదు రెండు ఉంటే ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చు అన్నారు.

అలా గత జులైలో ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌లో రెండో కత్తి కొన్నాం. 4 పౌండ్లు. దాని పిడి ఎంత అందంగా ఉందంటే, తేనె రంగులో, మధ్య మధ్యలో ముదురు గోధుమ రంగు మచ్చలతో, వెలుతురుకి పెడితే లోపలికి కనిపించేలా, అచ్చం తాబేటి చిప్పలా. బ్లేడు తళతళా మెరుస్తోంది. చేతిలోకి తీసుకుని విప్పగానే సన్నగా కర్పూరం వాసన. దేవుడి గదిలా ఉందే అని మురిసిపోయాను కూడా. పిడికి బిగించిన ఇత్తడి పిన్ను చుట్టూ ఆవగింజంత పచ్చటి చిలుము ఉంది. ఇంటికెళ్ళి చింతపండుతో తోమితే పోతుందిలే అనుకున్నాను.

ఇక్కడి తేమకి కత్తులు తుప్పు పడతాయని నా భయం. స్టెయిన్‌లెస్ స్టీలు కనిపెట్టింది ఈ ఊళ్ళోనే, 1913లో, హ్యారీ బ్రియర్లీ. కానీ తాతగారి కత్తిలాంటివి దానికి ముందుతరం ఉక్కు. కార్బన్ ఎక్కువ, క్రోమియం ఉండదు. పదును బాగా నిలుస్తుంది, తుప్పు కూడా అంత త్వరగానే పడుతుంది. అందుకని రెండు కత్తుల్నీ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేశాను. ఇంట్లో అన్నిటికంటే పొడిగా, వెచ్చగా ఉండేది బాయిలర్ ఉన్న కప్‌బోర్డు కాబట్టి, ఆ డబ్బాని తీసుకెళ్ళి దాని పై అరలో పెట్టాను. చూశారా, ఎంత ఆలోచించి చేశానో!

పది నెలల తర్వాత, మొన్న మే నెలలో, ప్రయాణం సామాన్లు సర్దుతూ డబ్బా మూత తీశాను. కర్పూరం వాసన గుప్పుమంది. దాని వెనకాలే ముక్కులో గుచ్చుకునే ఇంకో వాసన. కాలేజీ ల్యాబులో యాసిడ్ సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసన అది. పదిహేనేళ్ళయినా ముక్కు మర్చిపోలేదు.

కొన్న కత్తి పిడి లోపల సాలెగూడులా సన్నటి పగుళ్ళు అల్లుకున్నాయి. ఒక కొస చెమట పట్టినట్టు జిగటగా ఉంది. ఆవగింజంత చిలుము పిన్ను చుట్టూ శనగబద్దంత అయింది. బ్లేడు విప్పితే పిడి మధ్యలో దాగి ఉండే భాగమంతా ఎర్రగా తుప్పు. పిడి బయటకి వచ్చే తోక దగ్గర మాత్రం తుప్పు చాలా తక్కువ. ఆ తర్వాత వణుకుతూ తాతగారి కత్తి విప్పాను. కొమ్ము పిడి చెక్కుచెదరలేదు. బ్లేడు మీద మాత్రం రెండు వైపులా నారింజ రంగు నూగు.

నాకు ముందు వచ్చిన అనుమానం తేమ మీదే. ఇంగ్లండు కదా, ఏం జరిగినా తేమ మీదకి తోసెయ్యడం మనకి అలవాటు. కానీ అదే అరలో, డబ్బా పక్కనే, నా బట్టల కత్తెర పది నెలలుగా పడి ఉంది. మా అమ్మ ఇచ్చింది, అదీ పాత ఉక్కే. దాని మీద చుక్క తుప్పు లేదు. బయటున్నది బాగుంది, డబ్బాలో ఉన్నవి పాడయ్యాయి. అంటే తప్పు అర గాలిలో లేదు, డబ్బా లోపలే ఏదో ఉంది. ఆన్‌లైన్‌లో నీలి లిట్మస్ కాగితాలు తెప్పించాను. మూడు గాజు సీసాలు తీసుకుని, కాగితాన్ని కొంచెం తడిపి ఒక్కొక్క సీసా మూత లోపల అంటించాను. ఒక సీసాలో కొన్న కత్తి, ఇంకో దాంట్లో తుడిచిన తాతగారి కత్తి, మూడోది ఖాళీ. గంట తర్వాత చూస్తే మొదటి సీసాలో కాగితం ఎర్రబడింది. మిగతా రెండూ నీలంగానే ఉన్నాయి.

దొంగ దొరికింది. ఆ అందమైన పిడి తాబేటి చిప్ప కాదు, సెల్యులాయిడ్.

సెల్యులాయిడ్ కథ కొంచెం చెప్తాను. పత్తిలో ఉండే సెల్యులోజ్‌ని నత్రికామ్లంతో చర్య జరిపిస్తే సెల్యులోజ్ నైట్రేట్ వస్తుంది. దానికి కర్పూరం కలిపితే వేడికి మెత్తబడి, ఏ ఆకారంలోకైనా ఒదిగే పదార్థం అవుతుంది. 1862లో అలెగ్జాండర్ పార్క్స్ ఇలాంటి పదార్థాన్ని లండన్ ప్రదర్శనలో పెట్టాడు. 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయట్, బిలియర్డ్ బంతులకి ఏనుగు దంతం బదులుగా ఏదైనా కావాలని వెతుకుతూ సెల్యులాయిడ్‌ని తయారుచేశాడు. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, ముత్యపు చిప్ప, దేనిలా కావాలంటే దానిలా కనిపించేది, పైగా చవక. 19వ శతాబ్దం చివరినుంచి గడ్డం కత్తుల పిడులకి బాగా వాడారు.

చిక్కేమిటంటే, ఇది పుట్టిన రోజునుంచే మెల్లమెల్లగా విడిపోతూ ఉంటుంది. రెండు పనులు జరుగుతాయి. మొదటిది, కర్పూరం ఎగిరిపోవడం. మన పూజ గదిలో మూత లేకుండా వదిలేసిన కర్పూరం బిళ్ళ నాలుగు రోజులకి చిక్కిపోతుంది చూడండి, అదే ఉత్పతనం. పిడిలో ఉన్న కర్పూరం కూడా అలాగే పోతుంది. అది పోయిన కొద్దీ పిడి ముడుచుకుంటుంది, వంగుతుంది, పగులుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. నైట్రేట్ భాగం విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వస్తాయి. అవి గాలిలో ఉన్న కాస్త తేమతో కలిస్తే ఆమ్లం. ఆ ఆమ్లం పిడిని ఇంకా త్వరగా విడగొడుతుంది. అంటే చెడిపోవడంలో పుట్టిందే చెడిపోవడానికి ఉత్ప్రేరకం. వేడి తగిలితే ఈ వేగం మరీ పెరుగుతుంది.

ఇప్పుడు నేను చేసినవన్నీ లెక్క వేసుకోండి. గాలి చొరబడని డబ్బా, అంటే వాయువులు బయటకి పోయే దారి లేదు. బాయిలర్ పక్కన వెచ్చదనం, అంటే చర్యకి వేగం. సిలికా జెల్ పొట్లాలు ఎప్పుడో తేమ పీల్చుకుని నిండిపోయి ఉంటాయి. తుప్పునుంచి కాపాడదామని చేసిన ప్రతి పనీ తుప్పుకి సాయం చేసింది. పక్కన పడుకోబెట్టిన పాపానికి తాతగారి కత్తి కూడా ఆ ఆవిరి పీల్చింది.

మీ ఇంట్లోనో, మీరు ఏ సెకండ్ హ్యాండ్ దుకాణంలోనో ఇలాంటివి చూస్తే ఏం గమనించాలో చెప్తాను.

మొదట వాసన. బొటనవేలితో పిడిని గట్టిగా రుద్ది వాసన చూస్తే కొంచెం కర్పూరం రావడం మామూలే, అది సెల్యులాయిడ్ అని మాత్రమే అర్థం. రుద్దకుండానే, పెట్టె తెరవగానే గుప్పుమంటే అది చెడుతోందని అర్థం. ఘాటైన యాసిడ్ వాసన వస్తే ఇంకా ముదిరినట్టు.

తర్వాత చూపు. పిడిని కిటికీ దగ్గర పట్టుకోండి. లోపల మబ్బులా మసక, పసుపు తిరగడం, పలుకు పలుకుగా అద్దం పగిలినట్టు గీతలు ఉన్నాయా? రెండు రేకులూ సమానంగా ఉన్నాయా, లేక ముడుచుకుని పిన్నుల దగ్గర వంకర పోయాయా? ముట్టుకుంటే జిగట ఉందా? చివరి దశలో అయితే పొడిగా రాలిపోతుంది. తాబేటి చిప్పలా వెలుతురు దూరే రకాల మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి. దంతంలా తెల్లగా, వెలుతురు దూరకుండా ఉండేవాటిలో రంగు కోసం జింక్ ఆక్సైడ్ కలిపేవారు. అది వచ్చిన ఆమ్లాన్ని కొంత తినేస్తుంది కాబట్టి అవి మామూలుగా ఎక్కువ కాలం నిలుస్తాయి.

మూడోది లోహం చెప్పే సాక్ష్యం. ఇత్తడి పిన్నుల చుట్టూ పచ్చగా, నీలంగా చిలుము. నేను చింతపండుతో పోతుందిలే అనుకున్నది ఇదే. రాగి మీద ఆమ్లం పనిచేస్తే వచ్చే రంగు అది.

ఇక తుప్పు. ఎక్కడ పట్టిందో చూస్తే ఎందుకు పట్టిందో చాలావరకు తెలిసిపోతుంది. నీళ్ళవల్ల వచ్చిన తుప్పు ఎక్కువగా కీలు దగ్గర, తడి తుడవని చోట గుంపుగా ఉంటుంది. పిడినుంచి వచ్చిన తుప్పు బ్లేడు రెండు ముఖాల మీదా, సరిగ్గా పిడి కప్పినంత మేర పరుచుకుని ఉంటుంది, బయట ఉన్న తోక శుభ్రంగా ఉంటుంది. నారింజ రంగులో వేలికి అంటుకునేది కొత్త తుప్పు. నల్లగా, గట్టిగా, వేలికి అంటకుండా ఉంటే పాతది, చాలాసార్లు అక్కడే ఆగిపోయి ఉంటుంది. అన్నిటికంటే చెడ్డది గుంటలు పడటం. భూతద్దంతో పదును అంచు వెంట చూడండి. అంచు దగ్గరే నల్లటి చుక్కలు, గుంటలు ఉంటే ఎంత సానపట్టినా అక్కడ ఉక్కు విరిగి పళ్ళు పడుతుంది. అలాంటి కత్తి చర్మం మీద పెట్టకూడదు.

ఇంకో మాట. బ్లేడు కొత్తగా పాలిష్ చేసి, పిడి మాత్రం పాతగా ఉంటే ఒక్క క్షణం ఆగండి. నేను కొన్న కత్తికి తుప్పు అప్పటికే ఒకసారి పట్టి, ఎవరో తీసేసి ఉంటారని ఇప్పుడు అనిపిస్తోంది.

పిడి ఏ పదార్థమో తెలియకపోతే ఎర్రగా కాల్చిన సూదితో గుచ్చి చూడమని కొందరు చెప్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, ఆర్పడం కష్టం. పాత సినిమా రీళ్ళదీ ఇదే పదార్థం. మన తొలి టాకీల కాలం సినిమాలన్నీ నైట్రేట్ ఫిల్ము మీదే తీశారు. 2003లో పుణెలో అలాంటి రీళ్ళు దాచిన చోట నిప్పంటుకుని ఎన్నో పాత సినిమాలు బూడిదయ్యాయి. కాబట్టి కంటితోనే గుర్తుపట్టండి. అసలు ఏనుగు దంతంలో అడ్డకోత మీద ఒకదాన్నొకటి దాటే సన్నటి వంపు గీతలుంటాయి. సెల్యులాయిడ్ దంతంలో గీతలు రూళ్ళకర్రతో గీసినట్టు వరుసగా ఉంటాయి. ఎముకలో చిన్న చిన్న నల్ల చుక్కలు, గాడులు కనిపిస్తాయి. కొమ్ములో పొరలు, నారలు ఉంటాయి. గట్టి రబ్బరు పిడి రుద్దితే గంధకం వాసన వస్తుంది. ఒకవేళ అది నిజంగా దంతమే అయితే ఇంకో చిక్కు. ఇక్కడ యూకేలో ఐవరీ యాక్ట్ 2022 జూన్ నుంచి అమల్లో ఉంది, కొద్ది మినహాయింపులు తప్ప కొనడం, అమ్మడం నిషేధం. ఇండియాకి పట్టుకెళ్ళే ఆలోచన అసలే వద్దు.

ఇక నేను చేసిన వైద్యం. ముందుగా రెండు కత్తుల్నీ విడదీశాను. చెడుతున్న సెల్యులాయిడ్‌కి మందు లేదు, దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టడమే మార్గం. చేతికి గ్లవ్స్ వేసుకుని, కాగితం కవర్లో పెట్టి, ఎండా వేడీ తగలని చోట బయట షెడ్డులో ఉంచాం. కౌన్సిల్‌కి ఫోన్ చేసి, మామూలు చెత్త బుట్టలో వెయ్యకుండా, వాళ్ళు చెప్పిన చోట ఇచ్చి వచ్చాం. ప్లాస్టిక్ డబ్బా కూడా పారేశాను.

తాతగారి కత్తి బ్లేడుని పాత కార్క్ చాప మీద బల్లపరుపుగా ఆనించి, వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచాను. కొమ్ము పిడికి తడి తగలనివ్వలేదు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను. తర్వాత లోహపు పాలిష్ పేస్టు చిటికెడు తీసుకుని, ఎప్పుడూ వెన్ను వైపునుంచి అంచు వైపుకే, అంచుని దాటనివ్వకుండా మెల్లగా. అంచుకి ఎదురుగా గుడ్డ నడిపితే వేళ్ళు తెగుతాయి. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏవీ వాడకూడదు. అవి తుప్పుతో పాటు ఉక్కునీ తింటాయి. చివరికి నూనె. చెయ్యి కొబ్బరినూనె సీసా వైపు వెళ్ళింది కానీ ఆపుకున్నాను. వంటింటి నూనెలు గాలికి చెడి జిగట కడతాయి. కుట్టుమిషన్ నూనె పలుచటి ఖనిజ తైలం, దీనికి అదే మేలు.

నారింజ నూగంతా పోయింది. కానీ కింద కొస దగ్గర, సరిగ్గా అంచు మీద, భూతద్దంలో నాలుగు గుంటలు మిగిలాయి. కీలు దగ్గర ఒక నల్లటి మచ్చ ఉంది, అది ఎంత రుద్దినా కదల్లేదు. కత్తులు సానపట్టే ఒక పెద్దాయనకి చూపిస్తే, ఆ గుంటలు పోవాలంటే అంచు చాలా అరగదీయాలి, అప్పుడు ఇది అసలు కత్తిలా ఉండదు, అలాగే ఉంచుకోండి అన్నాడు.

ఇంక మావయ్యగారికి చెప్పాలి. మా ఆయన "నేను చెప్తాలే, డ్యాంపు వల్ల అయిందని చెప్పేద్దాం" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఒక పూటంతా అదే నయమనిపించింది. కానీ తేమ కాదని మూడు సీసాలు పెట్టి మరీ తేల్చుకున్నది నేనే. ఆదివారం వీడియో కాల్‌లో జరిగింది జరిగినట్టు చెప్పేశాను. కార్ బూట్ సేలు, డబ్బా, బాయిలర్, అంతా.

మావయ్యగారు కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "ఏదీ, ఒకసారి కెమెరా దగ్గర పెట్టు," అన్నారు. పెట్టాను.

"కీలు దగ్గర ఆ నల్ల మచ్చ నువ్వు చేసింది కాదమ్మాయ్. అది మాది. మా నాన్న ఆదివారం ఆదివారం నూనె రాసేవాడు. ఆయన పోయాక ఎవరం రాయలేదు. గుడ్డలో చుట్టి అడుగున పడేశాం."

"కింద గుంటలు మాత్రం నావే మావయ్యగారూ," అన్నాను.

"కనబడతన్నయ్యిలే." మళ్ళీ కాస్త ఆగి, "ఆ రెండోది ఇంట్లోంచి పంపించేశావా?"

"పంపించేశానండి."

"సరే. ఎటూ పిల్లాడి తల మీద ఆ పదును పెట్టం. గీసేవాళ్ళు కొత్త బ్లేడుతో గీస్తారు. వెన్ను తాకిద్దాం. అప్పటిదాకా నూనె రాస్తా ఉండు."

అంతే. తిట్టలేదు, పర్లేదు అని కూడా అనలేదు. అది పర్లేదు అనదగ్గ సంగతి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు ఆ కత్తి నూలుగుడ్డలో, అట్టపెట్టెలో, గాలి ఆడే అరలో ఉంది. ప్రతి ఆదివారం తలంట్లయ్యాక కుట్టుమిషన్ నూనె సీసా తీస్తున్నాను. బాబుకి దూరంగా, బల్ల మీద విప్పి, చుక్క వేసి తుడిచి, మళ్ళీ మడిచి పెడుతున్నాను. విమానంలో చేతి సంచిలో పెట్టకూడదు కాబట్టి చెక్ ఇన్ పెట్టెలో వెళ్తుంది.

మీకు ఒకటే మనవి. మీ ఇళ్ళల్లో గడ్డం కత్తి లేకపోవచ్చు. కానీ అమ్మమ్మ దువ్వెన, తలపిన్నులు, పాత పౌడరు డబ్బా, అద్దం దువ్వెనల సెట్టు, చిన్నప్పటి బొమ్మ, తాతయ్య ఫౌంటెన్ పెన్ను, పాత నెగెటివ్‌లు ఉండే ఉంటాయి. వాటిలో సెల్యులాయిడ్ ఉండొచ్చు. వాటి పక్కనే మీరు వెండి కుంకుమ భరిణో, పాత ఫొటోలో పెట్టి ఉండొచ్చు. ఈ వారం ఒకసారి ఆ డబ్బా మూత తీసి వాసన చూడండి. దేవుడి గది వాసన వస్తే నాలాగా మురిసిపోకండి. దేన్నుంచి వస్తోందో వెతికి పట్టుకుని, దాన్ని విడిగా, చల్లగా, గాలి తగిలేలా పెట్టండి.

వచ్చే నెల తెనాలినుంచి రాస్తాను. ఉంటాను మరి.